చేయెత్తనివాడు, చూపరి

సత్యాగ్రహి సహనమునకు కొట్టువాని హృదయము కరుగునను విశ్వాసము మనలో బలముగా నాటుకొని యున్నది గాని, 1930 మే 21వ తేదీన గుజరాతునందలి ధరాసన ఉప్పుకొఠారుల యెదుట జరిగినదానిని నిదానించి పరిశీలించినవారికి ఆ విశ్వాసమునకు కొంత సవరణ యవసరమని తోచక మానదు. గాంధీజీ అప్పటికే కారాగారమునం దుండెను. దెబ్బ కాచుకొనుటకైనను చేయెత్తరాదని సరోజినీనాయుడు సుమారు 2,500 మంది సత్యాగ్రహులకు విధించెను. నీరు నిండిన కందకములను, ముండ్లకంచెను సమీపించుచు ఒక వరుస సాగుటయు, పొన్నులు తొడిగిన లాఠీలు తలలపై పడుటయు, కూలినవారిని మోసికొనిపోవుచుండగనే, తమకును అదే గతి యని యెరిగియు, వేరొక వరుస కదలుటయు గంటలకొలది సాగెను.

ఆ దృశ్యమును కన్నులార చూచిన అమెరికా విలేఖరి వెబ్ మిల్లరు వ్రాతలో రెండు సంగతులు మిక్కిలి విలువైనవి. అధికారులు కనుమరుగైనప్పుడు పోలీసులు చేయి సడలించిరనియు, వారు మరల కనబడగనే దెబ్బలు మొదలిడిరనియు ఆయన గమనించెను. అనగా కొట్టువాని చూపు, దెబ్బ తినువాని ముఖముమీద కంటె, వెనుకనున్న అధికారి ముఖముమీదనే నిలిచి యుండెను. రెండవది మరింత విచిత్రము: లాఠీలవారిపై కలిగినంత రోషమును ఏవగింపును, కిక్కురుమనక దెబ్బలు తినుచున్నవారిపైనను తనకు దాదాపుగా కలిగినదని మిల్లరు దాచక చెప్పుకొనెను. జగడమున ఇరువురును చేయి చేసికొన్నచో చూపరి తప్పును చెరిసగము పంచి, నిశ్చింతగా ఇంటికి పోవును. ఒకడు చేయెత్తకున్నచో ఆ పంపకము సాగదు, మనస్సునకు ఊరట దొరకదు. ఎదురుదెబ్బ రాకపోవుటచే కొట్టువాడే తూలిపోవునని రిచర్డు గ్రెగ్గు అహింసపై 1934లో వెలువరించిన గ్రంథమున వాదించెను. ధరాసనలో తూలినది చూపరి యని నా యభిప్రాయము.

చూపరిని ఇట్లు తూలించుటకు సత్యాగ్రహులందరు సాధువులు కానక్కరలేదు, అభ్యాసము చాలును. నాగపూరులో కొన్నాళ్లు నివసించి వెళ్లిన జేమ్స్ లాసన్, అమెరికాలోని నాష్‌విల్ నగరమున నల్లజాతి విద్యార్థులను కూర్చుండబెట్టి, తోటివారిచేతనే తిట్టించి, త్రోయించి, ఓర్పును పాఠమువలె వల్లె వేయించెను. 1960 మే నెలలో అంతవరకు నల్లజాతివారిని కూర్చుండనీయని అచటి భోజనశాలలు వారికి తలుపులు తెరచెను.

ధరాసన నాటి బ్రిటిషు ప్రభుత్వమునకును చూపరిని గూర్చిన ఈ మర్మము తెలియకపోలేదు. 2,500 మందిని లాఠీలతో ఆపగలిగిన దొరతనము, మిల్లరు పంపిన తంతివార్తను గూడ ఆపజూచి, ఆపలేకపోయెను. ధరాసనలో పిడికెడు ఉప్పైనను ఆనాడు సత్యాగ్రహుల చేజిక్కలేదు. ఉప్పుపన్ను 1947లో గాని రద్దు కాలేదు.