బొమ్మలమ్మకు రెండు పేర్లూ ఉండనివ్వండి

తెలంగాణ వారసత్వ శాఖ సంచాలకులకు,



మా కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాలలో బొమ్మలమ్మ గుట్ట ఉన్నది. రాతికి చెక్కిన దేవతను జనం బొమ్మలమ్మ అన్నారు, గుట్టకూ ఆ పేరే నిలిచింది. పండితుల లెక్కలో ఆమె జైన యక్షిణి చక్రేశ్వరి, పక్కనున్నవి జినబింబాలు. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. వేములవాడ చాళుక్యుల కాలం, సుమారు 945. అదే బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింట్లో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కందపద్యాలు నన్నయ భారతానికి దాదాపు నూరేళ్లు ముందటివి! బసది, అంటే జైన గుడి, కట్టించిందీ, కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించిందీ, మదనవిలాసమనే తోట వేయించిందీ ఆ శాసనమే చెప్తుంది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పటి నుంచి దీని పేరు సభల్లో బాగానే మోగుతున్నది.

శాసనం చదవగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. బొమ్మల్ని అమ్మగా చూసుకున్నది మాత్రం ఊరే. అందుకే జానపదుల మాటను అజ్ఞానమని కొట్టేయడం నాకు నచ్చదు.

గుట్ట దగ్గర పద్యాల పాఠం, అర్థం తేట తెలుగులో రాయించండి. పక్కనే ఊరివాళ్ల బొమ్మలమ్మ ముచ్చట్లనూ పెట్టండి. వాటిని ముసలివాళ్ల నోట రికార్డు చేయించండి, ఆలస్యమైతే దొరకవు. కరీంనగర్ గ్రానైట్‌కు గిరాకీ ఎంతో మీకు తెలియంది కాదు, ఆ తవ్వకాలు ఈ గుట్ట దాకా రాకూడదు. గుట్ట చుట్టూ రక్షిత హద్దు రాళ్లు పాతించి, ఆ హద్దులో పేలుళ్లకు తావులేకుండా గనుల శాఖతో ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
హుజూరాబాద్ పౌరుడు