కాలం కూడా ఆధారమే

పాత డిటెక్టివ్ నవలను ఆ కాలపు కథగానే టెలివిజన్‌కి తీయాలనుకున్నప్పుడు నిర్మాతల దృష్టి ముందుగా కార్లు, టోపీలు, దీపాలు, కిటికీ తెరల మీదికి పోతుంది. చూసేవాళ్ళు కూడా మొదట మెచ్చుకునేది వాటినే. ఆ శ్రద్ధను తక్కువ చేయనక్కర్లేదు. కాని మంచి డిటెక్టివ్ నవలలో హత్యకు వీలు కల్పించేదీ, హంతకుణ్ణి దాచేదీ, చివరికి పట్టించేదీ కూడా ఆ కాలమే. టపా ఏ వేళకి వస్తుంది, రైలు ఎక్కడెక్కడ ఆగుతుంది, ఇంట్లో పనివాళ్ళు ఎందరు, ఆస్తి ఎవరికి సంక్రమిస్తుంది, నేరం రుజువైతే ఉరి పడుతుందా లేదా అన్న సంగతుల మీదే నేరం నిలబడి ఉంటుంది. వాటిని కదిలిస్తే కథ కుదరదు. కాబట్టి నవలను తెరకు మలిచే రచయితకి ఎంత స్వేచ్ఛయినా ఇవ్వొచ్చు గాని, నేరానికీ దాని కాలానికీ ఉన్న ఈ ముడిని విప్పే స్వేచ్ఛ మాత్రం ఇవ్వకూడదని నా వాదన.

అగాథా క్రిస్టీ 1950లో ప్రచురించిన ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’ తీసుకుందాం. ఇంగ్లండులో ఒక పల్లెటూరు. ఫలానా ఇంట్లో శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి హత్య జరుగుతుందని స్థానిక పత్రికలో ప్రకటన వస్తుంది. ఇదేదో సరదా ఆట అనుకుని ఇరుగుపొరుగు అంతా చేరతారు, దీపాలు ఆరిపోతాయి. యుద్ధం ముగిసి ఐదేళ్ళయినా అక్కడ ఇంకా రేషనే. వెన్నా గుడ్లూ చాటుమాటుగా చేతులు మారుతుంటాయి. ఆ ఇంటి వంటమనిషి ప్రాణం పెట్టి చేసే చాక్లెట్ కేకుకి అంత విలువ రావడానికి కారణం అందులోని సరుకులు దొరకడమే గగనం కావడం. వచ్చిన అతిథులు ఒకరి తర్వాత ఒకరు గదిలో వెచ్చదనం గురించి మాట్లాడతారు. ఇంధనం కరువైన రోజుల్లో ఇల్లంతా వేడిచేసే యంత్రాన్ని అంత ముందుగా వెలిగించడం వాళ్ళకి వింతగా తోస్తుంది. ఇవాళ్టి పాఠకుడు దాన్ని వాతావరణం మీద కాలక్షేపం కబురుగా దాటిపోవచ్చు. అది అసలైన ఆధారం. ఎందుకో నవల చదవనివాళ్ళ కోసం ఇక్కడ చెప్పను. అంతకన్నా పెద్ద సంగతి, ఈ నేరాన్ని ఛేదించే మిస్ మార్పుల్ నోట వస్తుంది. పూర్వం ఊళ్ళోకి కొత్తవాళ్ళు వస్తే వాళ్ళెవరో ఎవరో ఒకరికి తెలిసేది. యుద్ధం ఆ అల్లికను తెంపేసింది. ఇప్పుడు ఎవరైనా తామెవరని చెప్పుకుంటే వాళ్ళు అంతే, సాక్ష్యంగా ఉండేది ఒక రేషన్ పుస్తకం, ఒక గుర్తింపు కార్డు. బ్రిటన్‌లో ఆ యుద్ధకాలపు కార్డులు 1952లో పోయాయి, రేషన్ 1954లో పూర్తిగా ఎత్తేశారు. ఈ నేరాన్ని పదేళ్ళు ముందుకో వెనక్కో జరిపితే ఊపిరి ఆడదు. 1985లో జోన్ హిక్సన్ మిస్ మార్పుల్‌గా బీబీసీ దీన్ని మూడు భాగాలుగా తీసినప్పుడు రచయిత ఆలన్ ప్లేటర్ పల్లెటూరి కబుర్లకి తొందరపడకుండా చోటిచ్చాడు. నేరం దాగి ఉన్నది ఆ కబుర్లలోనే.

ఈ ముడి సడలితే ఏమవుతుందో, క్రిస్టీ మరో డిటెక్టివ్ పోయిరోగా డేవిడ్ సూషే నటించగా 1989 నుంచి 2013 వరకు నడిచిన ఐటీవీ సిరీస్‌లో కనిపిస్తుంది. 70 భాగాల ఆ సిరీస్ మీద నాకు గౌరవం చాలా ఉంది. పోయిరో అంటే ప్రపంచానికి సూషే ముఖమే గుర్తొచ్చేలా చేసింది. అయితే క్రిస్టీ అర్ధ శతాబ్దం పైగా రాసిన కథలను వాళ్ళు చాలావరకు 1930లకే సర్దేశారు. ఒకే నటుడు, ఒకే లోకం ఉండాలంటే అది తెలివైన నిర్ణయమే. కాని 1966 నాటి ‘థర్డ్ గర్ల్’కి వచ్చేసరికి ఇబ్బంది పడ్డారు. ఆ నవలకు పునాది అరవైల లండన్. పత్రికలో ప్రకటన ఇచ్చి ముక్కూ మొహం తెలియని అమ్మాయిలు ఒకే ఫ్లాట్‌లో ఉండటం, కుర్రకారు వేషధారణ, మాదకద్రవ్యాలు దాని సామగ్రి. ముప్పైలకి మార్చాక కథలో పెద్ద మార్పులే చేయాల్సి వచ్చింది. కాలాన్ని కదిపితే నేరం కూడా కదులుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

అసలు పరీక్ష మాత్రం ‘ది ఏబీసీ మర్డర్స్’. 1936లో వచ్చిన ఈ నవలను ఐటీవీ 1992లో సూషేతో, బీబీసీ 2018లో జాన్ మాల్కోవిచ్‌తో తీశాయి. ఆండోవర్‌లో ఏ అక్షరం పేరున్న మనిషి, బెక్స్‌హిల్‌లో బీ అక్షరం మనిషి, చర్స్టన్‌లో సీ అక్షరం మనిషి వరసగా చనిపోతారు. ప్రతి శవం దగ్గరా స్టేషన్ల పేర్లు అక్షరక్రమంలో ఇచ్చే ఏబీసీ రైల్వే గైడు ఉంటుంది. ప్రతి హత్యకీ ముందు పోయిరోకి ఉత్తరం వస్తుంది. ఒక ఉత్తరం మీద చిరునామా తప్పుపడి, అది తిరిగి తిరిగి చేతికందేసరికి ఆలస్యమైపోతుంది. సవాలు విసరదలచినవాడు స్కాట్లండ్ యార్డుకో పత్రికకో రాయకుండా ఇంట్లో కూర్చున్న ఒక ప్రైవేటు మనిషికి ఎందుకు రాశాడు? ఈ ప్రశ్నకి సమాధానం తపాలా శాఖ పనిచేసే తీరులో ఉంది. మరో ఆధారం మేజోళ్ళు. ఇంటింటికీ తిరిగి మేజోళ్ళు అమ్ముకునే మనిషి ఆ రోజుల్లో అందరి గుమ్మం ముందుకీ వస్తాడు, ఎవరి కంటికీ ఆనడు. చనిపోయినవాళ్ళ బంధువులు వేరువేరుగా చెప్పిన చిన్న చిన్న మాటలను పోయిరో పక్కపక్కన పెట్టినప్పుడే ఆ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఉత్తరం, రైలు, గుమ్మంలో అమ్మకందారు: 1930ల ఇంగ్లండులో ఊళ్ళను ఒకదానితో ఒకటి కలిపిన మూడు దారులూ ఇక్కడ హత్యకి సాధనాలయ్యాయి.

2018 రూపంలో రచయిత్రి శారా ఫెల్ప్స్ కథను 1933లో పెట్టి, ఫాసిస్టుల పోస్టర్లనూ విదేశీయుల మీది ద్వేషాన్నీ గట్టిగా చూపించారు. దీనికి చాలామంది ప్రేక్షకులు నొచ్చుకున్నారు గాని, నేను నొచ్చుకోను. పరదేశి అంటే ఉండే చులకన ఆ నవల లోపలే ఉంది, నేరానికి దానితో సంబంధం కూడా ఉంది. ఆమె ఉన్నదాన్నే పెద్దది చేశారు. నా అభ్యంతరం వేరే చోట. బెల్జియం పోలీసుగా మనకి తెలిసిన పోయిరోకి ఆమె ఒక రహస్య గతం కల్పించారు. అతను ఒకప్పుడు చర్చి ఫాదర్, 1914లో జర్మన్ సైనికులు అతని చర్చిలో జనాన్ని తగలబెట్టారు. పైగా హత్యలు జరిగిన ఊళ్ళతో అతనికి పాత పరిచయం ఉన్నట్టు మలిచారు. దీంతో ఉత్తరాలు పోయిరోకే ఎందుకు వచ్చాయన్న ప్రశ్న తపాలా పెట్టెను వదిలి అతని గుండెలోకి వెళ్ళిపోయింది. రైల్వే గైడు తెర మీద ఉంది, దాని బలం పోయింది. మాల్కోవిచ్ నటన గంభీరంగా ఉంది, దృశ్యాలు అందంగా ఉన్నాయి. ప్రేక్షకుడికి మాత్రం ఆధారాలు కూర్చుకునే పని మిగల్లేదు, జాలిపడే పని మిగిలింది.

ముగింపు అందరికీ తెలిసిన కథను మార్చకపోతే ఎవరు చూస్తారని అడిగేవాళ్ళున్నారు. గట్టి ప్రశ్నే. కాని దానికి జవాబు శారా ఫెల్ప్స్ 2015లో బీబీసీకి రాసిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’లోనే ఉంది. 1939 నాటి ఈ నవలను 1943లో నాటకంగా రాసినప్పుడు క్రిస్టీ తానే ముగింపును మెత్తబరిచింది. 1945లో రెనె క్లెయిర్ సినిమా కూడా ఆ దారినే పోయింది. 2015 సిరీస్ ఆ మెత్తదనాన్ని తీసేసి నవలలోని కఠినమైన ముగింపునే నిలబెట్టింది. ముందే చదివినవాళ్ళు సైతం ఊపిరి బిగబట్టి చూశారు. తెలిసిన కథలో ఉత్కంఠ ఉండదన్న మాట అక్కడే తేలిపోయింది.

అదే సిరీస్‌లో నేను ఒప్పుకోలేని మార్పు కూడా ఒకటుంది. ద్వీపంలో చేరిన పదిమంది మీదా గ్రామఫోన్ రికార్డు ఒక గొంతుతో నేరాలు మోపుతుంది. నవలలో ఆ నేరాల ప్రత్యేకత, చట్టం వాటిని పట్టుకోలేకపోవడం. సైనికాధికారి తన భార్య ప్రియుణ్ణి చావు తప్పదని తెలిసిన పనిమీద యుద్ధరంగానికి పంపుతాడు. పోలీసు అబద్ధపు సాక్ష్యం చెప్పి ఒకణ్ణి జైలుకి పంపితే, అతను అక్కడే చనిపోతాడు. పదవీ హోదా ఉన్నవాళ్ళు చేతికి మట్టి అంటకుండా చంపగలిగిన సమాజం అది. 2015 రూపంలో అధికారి స్వయంగా తుపాకీతో కాలుస్తాడు, పోలీసు ఖైదీని లాకప్‌లో కొట్టి చంపుతాడు. తెర మీద రక్తం పెరిగింది, నేరం మామూలైపోయింది. ఆ పదిమందినే ఎందుకు ఎంచుకున్నారన్న తర్కం పలచబడింది.

పాత నవలల్లోని జాతి, వర్గ దురభిమానాలను కూడా యథాతథంగా తేవాలా అని ఇంకొందరు అడుగుతారు. అక్కర్లేదు. 1939లో ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’కి మొదట పెట్టిన పేరే ఇవాళ ఉచ్చరించలేనిది. దాన్ని మార్చడం వల్ల కథలో ఒక్క మేకు కూడా కదల్లేదు. రచయిత్రికి ఉన్న దురభిప్రాయం వేరు, ఆ సమాజంలో నేరాన్ని దాచిపెట్టిన దురభిప్రాయం వేరు. మొదటిది తీసేయొచ్చు. రెండోది తీసేస్తే హంతకుడికి దాక్కునే చోటు ఉండదు.

ఇదంతా బీబీసీ ఖర్చుతోనే సాధ్యమని అనుకోనక్కర్లేదు. శరదిందు బందోపాధ్యాయ 1932లో మొదలుపెట్టిన బెంగాలీ కథలను బాసు ఛటర్జీ 1993లో దూరదర్శన్‌కి హిందీలో ‘బ్యోమకేశ్ బక్షీ’గా తీశారు. జాతీయ ప్రసారాల్లో తెలుగు ఇళ్ళలోనూ చూశారు. కొన్ని గదులు, ధోవతి కట్టిన రజిత్ కపూర్, పక్కన అజిత్‌గా కె.కె. రైనా, ఎక్కువగా సంభాషణలే. ‘పథేర్ కాంటా’ కథలో వీధి దాటుతున్న మనుషులు గుండెలో గ్రామఫోన్ ముల్లు దిగి కూలిపోతారు. గ్రామఫోనూ సైకిలూ తిరిగిన కలకత్తా వీధిలో తప్ప ఆ హత్య ఇంకెక్కడా సాగదు. బాసు ఛటర్జీ దాన్ని అక్కడే ఉంచారు.

మన దగ్గర కొమ్మూరి సాంబశివరావు నవలలను తరతరాలుగా చదివారు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు తిరిగిన మద్రాసు తెలుగు సినిమాకీ తెలుగు పుస్తకాలకీ కేంద్రంగా ఉన్న మద్రాసు. ఇవాళ ఓటీటీల్లో నేరకథలకి ఇంత గిరాకీ ఉండగా ఆ నవలలు తెరకెక్కడం చాలా అవసరమని నమ్ముతున్నాను. ఎవరైనా పూనుకుంటే యుగంధర్ చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి గచ్చిబౌలికి తీసుకురావద్దు. ట్రంకు కాల్ కోసం గంటలకొద్దీ కాచుకోవాల్సిన మద్రాసులోనే ఉంచి, ఆ కాచుకున్న గంటల్లో హంతకుడు ఎంత దూరం పోగలడో లెక్కవేసి తీయాలి.