సామర్థ్యానికి సాక్షి ఎవరు?

వైద్యుని సామర్థ్యాన్ని పట్టికలకెక్కిస్తే వైద్యవిద్య బాగుపడుతుందన్న నమ్మకం మన విద్యావేత్తలలో ప్రబలింది. 2019లో భారత వైద్య మండలి సామర్థ్యాధార పాఠ్యప్రణాళికను ప్రవేశపెట్టింది. నేర్చిన పనికి లాగ్‌బుక్కులో ఒక గడి, గడిలో అధ్యాపకుని సంతకం. పట్టిక వద్దని నేననను. గుండెపోటును గుర్తుపట్టలేని కరుణ ఎవరినీ బతికించదు. తెలుగు పాఠం చెప్పుకునే నాకు సూది వేయడం రాదు. కాని వేయించుకునేవారి పక్షాన అడుగుతున్నాను: ఆ గడిలో రోగి మాట ఏదీ?

అమెరికా విద్యావేత్త జార్జి మిల్లర్ 1990లో సామర్థ్యానికి నాలుగు మెట్లు చెప్పాడు: తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, నిత్యవృత్తిలో చేయడం. మన పరీక్షలు మూడో మెట్టు దాటవు. పీజీ ప్రవేశ పరీక్షయితే నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడంతోనే సరి. నాలుగో మెట్టు ఉన్నది కిక్కిరిసిన ఓపీలో. అక్కడ ప్రధాన సాక్షి రోగి.

ఆ సాక్షి "పానం బాగలేదు" అంటుంది తెలంగాణ పల్లెలో. "ఒంట్లో నలతగా ఉంది" అంటుంది కోస్తాలో. ఆ మాట వెనక ఉన్న బాధను రాబట్టడం మర్యాద కోసం నేర్చే విద్య కాదు, రోగనిర్ణయానికి పునాది. రోగిని "నీ పని ఏమిటి?" అని కూడా అడగమని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే బోధించాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రైతుల, కూలీల మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయో నేటికీ పూర్తిగా తేలలేదు. అక్కడ డయాలసిస్ చేయగల చెయ్యి కావాలి. ఏ నీళ్ళు తాగుతున్నారు, ఎండలో ఎంతసేపు పనిచేస్తున్నారు అని అడిగే నోరూ కావాలి. ఆ రెండోది సామర్థ్యం కాదా?

"వైఖరికి, నీతికి, సంభాషణకు ప్రత్యేక పాఠాలు పెట్టాం కదా" అంటారు. పెట్టారు, మంచిదే. కాని ఆ పాఠం చదివిన యువవైద్యుణ్ణి మనిషికి రెండు నిమిషాలు మిగలని ఓపీలో కూర్చోబెట్టి, మాట్లాడలేదని అతణ్ణే తప్పుపట్టడం ఏం న్యాయం? చాలినంతమంది వైద్యులను నియమించని ప్రభుత్వపు అసమర్థతను ఏ లాగ్‌బుక్కులో రాస్తారు?

అందుచేత నా కోరిక రెండు ముక్కలు. విద్యార్థికి వినే వ్యవధి ఇవ్వండి. ఇంటర్న్‌షిప్ ముగిసిందని సంతకం చేసేముందు అతను చూసిన రోగులను అడగండి: "మీ మాట విన్నాడా? మీకు అర్థమయ్యేలా చెప్పాడా?" ఆ జవాబు లేని యోగ్యతాపత్రం సగం కాగితమే.