మూడు ప్రమేయాలు, మూడు ప్రమాణాలు

“ఈశ్వరుడు లేడు కనుక ఆత్మా లేదు, పరలోకమూ లేదు” అని హేతువాదుల వాదం. “ఈశ్వరుణ్ణి శంకిస్తే ఆత్మ, పరలోకం, ధర్మం సమస్తమూ కూలిపోతాయి” అని ఆస్తికులలో కొందరి హెచ్చరిక. పరస్పరవిరోధులైన ఈ ఉభయులూ ఒకే అపసిద్ధాంతాన్ని ఆశ్రయించారు. ఈ మూడింటికీ అవినాభావసంబంధం ఉన్నదని వారి భ్రమ. ఆ వ్యాప్తికి మన దర్శనాలలో అడుగడుగునా భంగమే కనిపిస్తుంది.

కుమారిలభట్టు శ్లోకవార్తికంలో జగత్కర్తను నిరాకరించాడు. ఆత్మ నిత్యత్వాన్ని మాత్రం స్థాపించాడు. యాగం ముగిసిన ఎంతో కాలానికి స్వర్గం ఎట్లా లభిస్తుందంటే, అపూర్వం ద్వారా అని మీమాంసకుల సమాధానం. సాంఖ్యకారికలో సృష్టికి ఈశ్వరుని అపేక్ష లేదు. పురుషబహుత్వమూ, లింగశరీర సంచారమూ ఉన్నాయి. జైనులు సృష్టికర్తను అంగీకరించరు. జీవుణ్ణీ, పునర్జన్మనూ అంగీకరిస్తారు. బౌద్ధులు నిత్యాత్మను సైతం నిరాకరించి, కర్మఫలాన్నీ పునర్భవాన్నీ నిలుపుకున్నారు. మూడింటినీ త్రోసిపుచ్చినవాడు చార్వాకుడు. అతడు కూడా ప్రత్యక్షమే ప్రమాణమన్న ప్రతిజ్ఞతో త్రోసిపుచ్చాడే కాని, ఈశ్వరుడు లేడు గనుక మిగిలినవి లేవని కాదు.

“ఉదయనాచార్యుడు ఈశ్వరుణ్ణి సాధించలేదా?” అంటారేమో. నిశ్చయంగా సాధించాడు. అయితే బౌద్ధులకు ప్రతిగా ఆత్మను నిలబెట్టడానికి ఆత్మతత్త్వవివేకాన్నీ, ఈశ్వరసిద్ధికి న్యాయకుసుమాంజలినీ వేర్వేరుగా రచించాడు. ఒకదాని సిద్ధితోనే రెండవది సిద్ధించేటట్లయితే ఆ తార్కికశిరోమణికి రెండు గ్రంథాల శ్రమ ఎందుకు?

“కర్మ జడం కదా, ఫలమివ్వడానికి చేతనుడు కావద్దా?” అన్నది బలమైన ప్రశ్నే. ఫలం ఈశ్వరుని వలననే అని బాదరాయణుని నిర్ణయం. కాని ధర్మమే ఫలహేతువన్న జైమిని మతాన్ని పేర్కొని, విచారించి, ఆపైననే తన పక్షాన్ని నిలిపాడు. అంటే ఆ సంబంధం యుక్తితో సాధించవలసినదే కాని, ముందుగా ఊహించుకోదగినది కాదు.

ఇది కేవలం తర్కవినోదం కాదు. ఈశ్వరుని విషయంలో సందేహం కలిగిన యువకునితో “ఇక నీకు ఆత్మా లేదు, ధర్మమూ లేదు” అనేవారు, వానిని తమ చేతులతోనే చార్వాకుని వాకిట దిగవిడుస్తున్నారు. జగత్కర్తను ఒప్పుకోని మీమాంసకుడు అగ్నిహోత్రం మానమనలేదు! అట్లే, పునర్జన్మ వృత్తాంతమొకటి వినిపించి “ఇదిగో, ఈశ్వరుడు సిద్ధించాడు” అనడమూ అంతే దోషం. సిద్ధించేది పునర్జన్మే, అదీ ఆ వృత్తాంతం పరీక్షకు నిలిచినప్పుడే.

ప్రమేయం మూడైనప్పుడు ప్రమాణమూ మూడుమార్లు చూపవలసిందే. ఖండించేవారికైనా, మండించేవారికైనా ఇందులో మినహాయింపు లేదు.