జూదానికి మితం చాలదు, పర్‌హేజే కావాలి

"హకీమ్ సాహెబ్, మావాడు ఒక్కసారిగా మానలేనంటున్నాడు. నెలకు ఐదువందలు మించి ఆడనని మాటిస్తున్నాడు. ఒప్పుకోమంటారా?"

హోసూరు, కృష్ణగిరి వైపు తల్లిదండ్రులు ఈమధ్య తరచూ అడిగే ప్రశ్న ఇది. జూదం హరామని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పిల్లవాడికీ తెలుసు. తెలిసీ మానలేకపోవడమే ఇక్కడి జబ్బు. అందుకని వైద్యం సంగతే మాట్లాడుకుందాం. ఒప్పుకోవద్దన్నదే నా జవాబు.

మితమే ప్రాణమనే యునానీ వైద్యుడు ఇలా అనడమేమిటని మీకు అనిపించవచ్చు. నిజమే, ఎతెదాల్ లేనిదే మా వైద్యం లేదు. కానీ ఆ మితం దేనికి? మన హకీములు 'అస్బాబె సిత్తా జరూరియా' అని ఆరింటిని చెప్పారు. గాలి, అన్నపానీయాలు, శరీరపు కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, ఒంట్లో నిలవాల్సినవి-బయటికి పోవాల్సినవి. ఇవి లేకుండా మనిషి బతకలేడు, మానలేడు గనుక కొలత పెట్టారు. జూదం ఈ ఆరింటిలో ఎక్కడుంది? ఒంటికి అక్కర్లేనిదానికి మోతాదు రాయడం నాకు తెలిసిన వైద్యం కాదు. రోగికి పడనిదాన్ని అతని ముందునుంచి తీసేయడమే పర్‌హేజ్.

అవతలి వాదనలో పసలేదని అనను. ఆస్ట్రేలియాలో కవలలమీద జరిపిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. జూదవ్యసనం నుంచి బయటపడినవారిలో ఎక్కువమంది పూర్తిగా మానినవారు కాదని, తగ్గించుకున్నవారేనని అందులో తేలింది. అయితే వాళ్లు జనంలోంచి ఎంచి లెక్కించినవారు. మన గడపలోకి వచ్చేది అప్పు యాప్‌లకు చిక్కినవాడు, భార్య గాజులు తాకట్టు పెట్టినవాడు. జలుబుకు, న్యుమోనియాకు ఒకే మందు ఇస్తామా?

పైగా ఐదువందల గీత గీసేది పొద్దున ప్రశాంతంగా ఉన్న మనిషి. దాన్ని కాపాడాల్సింది రాత్రి నాలుగువందలు పోగొట్టుకున్న మనిషి. ఎప్పుడు గెలుస్తామో తెలియని ఆట మెదడును పట్టినంత గట్టిగా ఖాయంగా గెలిచే ఆట పట్టదు. కొద్దిలో తప్పిపోయిన పందెం కూడా ఓటమిలా కాక, గెలుపు దగ్గరపడినట్టు తోస్తుంది. పోయింది రాబట్టుకుందామని అక్కడే ఇంకో పందెం.

మన ప్రాంతం ఈ రెండు దారులూ చూసింది. తమిళనాడు 2003లో లాటరీని నిషేధించింది. సరిహద్దు దాటితే కర్ణాటకలో 2007 దాకా టికెట్లు దొరికేవి. ఆ తర్వాత జూదం ఫోన్‌లోకి వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి ఐదు దాకా ఆపాలని 2025 ఫిబ్రవరిలో తమిళనాడు నియమం పెట్టింది. అంటే మితం. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆ ఆటలనే పూర్తిగా నిషేధిస్తూ చట్టం చేసింది. అంటే పర్‌హేజ్. అయినా విదేశీ యాప్‌లు, క్రికెట్ పందేలు మాయం కాలేదు. కాబట్టి ఇంట్లో పర్‌హేజ్ మీరే నడపాలి.

మొదట డబ్బు. జీతం, ఏటీఎం కార్డు కొంతకాలం భార్య చేతిలోనో అబ్బా చేతిలోనో ఉండాలి. అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయించండి. పరువు పోతుందని అమ్మీ గుట్టుగా తీర్చేస్తే, అది మరో పందానికి పెట్టుబడి అవుతుంది. ఇది ఎన్ని ఇళ్లలో చూశానో!

తర్వాత నిద్ర. మొదటి వారాల్లో చిరాకు, కలత, నిద్రలేమి ఉంటాయి. రాత్రి తేలికపాటి భోజనం పెట్టండి, ఫోన్ వేరే గదిలో ఉంచండి, తలకు రోగనె కద్దూ రాయండి. సిప్కాట్‌లో రాత్రి షిఫ్టు చేసేవారికైతే పగటి నిద్రకు చీకటి గది కావాలి. జూదాన్ని మాన్పే మాజూన్ మాత్రం లేదు. ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

ఒక్క సంగతి. వణుకు జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులవల్ల కొందరు పెద్దలకు కొత్తగా జూదపు కోరిక పుడుతుంది. మందు సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుకు చెప్పండి.

మూడు నెలలు ఆగి ఒకరోజు ఆడాడనుకోండి. "ఇక ఇంతే" అని మీరు అంటే అతనూ అదే అనుకుంటాడు. పర్‌హేజ్‌లోని అసలు ప్రమాదం అదే. జ్వరం తిరగబెట్టినప్పుడు ఏం చేస్తారో అదే చేయండి. ఎక్కడ, ఎవరితో, ఏ డబ్బుతో అని అడిగి, ఆ సందు మూయండి.

అప్పటికీ వశం కాకపోతే బెంగుళూరు హోసూరు రోడ్డులోనే నిమ్హాన్స్ ఉంది. ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాలకు అక్కడ 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. చావు మాట ఒక్కసారి నోటివెంట వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి, ఒంటరిగా వదలకండి. టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.