కొత్త బ్రిడ్జి అడుగుతున్నాం సరే, ఉన్న బ్రిడ్జిని ఎవరు చూస్తున్నరు?

పోస్టు పొడుగైంది, కొంచెం ఓపిక పట్టి చదవండి.

మొన్న మీటింగులో పాత బ్రిడ్జిల తనిఖీ గురించి నేను రెండు మాటలు మాట్లాడితే ఒక అన్న అడ్డం తగిలిండు. "మనకు వాగు దాటడానికే బ్రిడ్జి లేదు. గర్భిణులను డోలీ కట్టి మోస్తున్నం. నువ్వేమో ఉన్న బ్రిడ్జికి పెచ్చులు ఊడుతున్నయని బాధపడుతున్నవ్, అది పట్నపోళ్ల ముచ్చట తమ్మీ" అన్నడు. చప్పట్లు కూడా పడ్డయి. అన్న మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ మాట తప్పు. అది పట్నపోళ్ల ముచ్చట కాదు, అందరికన్నా ముందు మన ముచ్చటే.

పట్నంలో ఒక ఫ్లైఓవర్ మూసేస్తే కింద రోడ్డు ఉంటది. మన దగ్గర ఒక బ్రిడ్జి పోతే దాని అవతల ఉన్న ఊళ్లన్నీ పోయినట్టే. కాగజ్‌నగర్ మండలం అందెవెల్లి దగ్గర పెద్దవాగు మీది బ్రిడ్జి సంగతి కుమ్రం భీం జిల్లా పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. 2022 వానాకాలంలో ముందు పిల్లర్ కుంగింది, ఆ తర్వాత అక్టోబరులో కూలింది. అంటే బ్రిడ్జి మనకు చెప్పే పోయింది. దహెగాం వైపు జనం పడవలు పట్టుకుని తిరగాల్సి వచ్చింది. మరుసటి ఏడు 2023 జూలైలో జంపన్న వాగు పొంగి కొండాయిలో ఎనిమిది మందిని మింగింది. దొడ్ల, కొండాయి మధ్య బ్రిడ్జి కూడా అదే వరదలో పోయింది. ఈ రెండు చోట్లా బ్రిడ్జి లేక కాదు, ఉన్న బ్రిడ్జి నిలవక జనం తిప్పలు పడ్డరు. డోలీ బాధ ఒక్కసారి తీరితే ఇక తీరిపోయినట్టే అనుకుంటున్నం గదా, బ్రిడ్జి కూలితే అదే డోలీ మళ్లీ భుజం మీదికి వస్తది.

ఇలాంటివి జరిగిన ప్రతిసారీ ఒకటే మాట వింటాం: "ప్రకృతి వైపరీత్యం, ఎవరేం చేస్తారు." మన దేశంలో 1977 నుంచి 2017 దాకా కూలిన 2,130 బ్రిడ్జిల మీద ఇంజినీర్లు చేసిన అధ్యయనం ఒకటి ఉంది. అందులో దాదాపు 80 శాతం వరదల వంటి ప్రకృతి కారణాల కిందే పోయినయని లెక్క తేలింది. చూశారా, మేం చెప్పిందే గదా అంటరు ఆఫీసర్లు. కానీ అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. కూలిన బ్రిడ్జిల సగటు వయసు 34.5 ఏళ్లు. ఇప్పుడు మన కోడ్ ప్రకారం పెద్ద బ్రిడ్జిని వందేళ్లు నిలవాలని డిజైన్ చేస్తరు. వాగుకు వరద రావడం వింత కాదు, వాగు పని అదే. వరదను లెక్కలో పెట్టుకునే బ్రిడ్జి కడతరు. మరి మూడో వంతు వయసుకే ఎందుకు పోతున్నయి?

పైన తారు నున్నగా ఉంటే బ్రిడ్జి బాగుందనుకుంటం. అసలు జబ్బు కిందుంటది. వరద నీరు పిల్లర్ చుట్టూ సుడి తిరిగి అడుగున ఇసుకను తవ్వుకుంటూ పోతది. నీరు తగ్గినంక ఆ గుంత మళ్లీ వదులు ఇసుకతో నిండుతది, పై నుంచి చూసినోడికి ఏమీ కనపడదు. మరుసటి వరదలో ఆ వదులు ఇసుక ముందు పోతది, గుంత ఇంకొంచెం లోతు అయితది. దీనికి తోడు పిల్లర్ దగ్గర్లోనే పొక్లెయిన్ పెట్టి ఇసుక తోడితే ఇక చెప్పేదేముంది. పైన చూస్తే నీళ్లు పోయే గొట్టాలు మట్టితో పూడిపోయి ఉంటయి. నిలిచిన నీరు స్లాబులోకి దిగుతది, లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతది, ఉబ్బితే కాంక్రీటు పెచ్చులుగా ఊడుతది. పగుళ్లలో రావి మొక్క మొలుస్తది. మనోళ్లు దాన్ని చూసి దండం పెట్టుకుని పోతరు గానీ, అది ఆ బ్రిడ్జికి పాడె కడుతోంది. గొట్టం పూడిక తీయడానికి, మొక్క పీకడానికి కోట్లు కావాలా? ఒక కూలీ, ఒక గడ్డపార, ఒక పూట పని.

లోలెవల్ బ్రిడ్జిల కథ ఇంకోటి. తూముల్లో చెట్టు మొద్దులు ఇరుక్కుంటే వానలకు ముందు తీయాలి. తీయకపోతే నీరు బ్రిడ్జి మీది నుంచి పోతది, పక్కన మట్టికట్ట తెగుతది. స్లాబు మిగులుతది, రోడ్డు ఉండదు.

రూల్స్ లేవా అంటే మస్తు ఉన్నయి. బ్రిడ్జిలను ఎట్లా తనిఖీ చేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకాలే రాసిపెట్టింది. 2016 ఆగస్టు 2న మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీది బ్రిటిష్ కాలం బ్రిడ్జి రాత్రిపూట కూలి రెండు బస్సులు కొట్టుకుపోయినయి. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం నేషనల్ హైవే బ్రిడ్జిలన్నిటికీ నంబర్లు, కండిషన్ రేటింగులు ఇచ్చే వ్యవస్థ మొదలుపెట్టింది. మంచిదే. కానీ జిల్లా రోడ్ల మీదివి, పంచాయతీరాజ్ కట్టినవి ఆ లెక్కలో రావు, మనం రోజూ ఎక్కువగా దాటేది వాటినే. 2025 జూలై 9న గుజరాత్‌లో 1985లో కట్టిన గంభీరా బ్రిడ్జి విరిగి కనీసం 20 మంది చచ్చిపోయింది కూడా రాష్ట్ర ప్రభుత్వం చూసుకునే రోడ్డు మీదే.

ఇక మన దగ్గర బ్రిడ్జి ఎవరిదో తేలడమే పెద్ద పని. ఒక రోడ్డు నేషనల్ హైవే వాళ్లది, దాంట్ల కలిసేది ఆర్ అండ్ బీది, అక్కడి నుంచి ఊళ్లోకి పోయేది పీఆర్ వాళ్లది, ఇంకొంచెం లోపలికి పోతే గిరిజన సంక్షేమ ఇంజినీరింగ్‌ది. పోయినేడు మేం ఐదుగురం ఒక బ్రిడ్జి ఫోటోలు పట్టుకుని మూడు ఆఫీసులు తిరిగినం. మొదటి రెండు చోట్ల "మాది కాదు" అన్నరు. మూడో చోట సారు ఫోన్ తీసుకుని ఫోటో పెద్దగా చేసి చూసి, "బండ్లు పోతున్నయి గదా, మరింకేంది" అన్నడు. అయితే వాళ్ల లెక్కలో తనిఖీ అంటే ఇదే. బండి పోతుంటే పాస్, పడిపోతే ప్రకృతి వైపరీత్యం.

భద్రాచలం పాత బ్రిడ్జి 1965లో మొదలైంది. 1986లో 75.6 అడుగుల వరదను, 2022 జూలైలో 71 అడుగులు దాటిన వరదను తట్టుకుని నిలబడింది. 2022లో దాని మీద రాకపోకలు ఆపేస్తే అటు ఇటు అన్నీ బంద్. పక్కన రెండో బ్రిడ్జి 2015లో మొదలుపెడితే 2024లో గానీ తెరవలే. కట్టేవాటి నాణ్యత కూడా చూసినం. ఓడేడు దగ్గర మానేరు మీద 2016లో మొదలుపెట్టిన బ్రిడ్జి పూర్తి కాకుండానే, 2024 ఏప్రిల్‌లో ఈదురుగాలికి గడ్డర్లు కింద పడ్డయి. వరద కూడా కాదు, గాలి!

తప్పు మనలో కూడా ఉంది. లీడర్ వస్తే మనం ఇచ్చే వినతిపత్రంలో ఎప్పుడూ "నూతన వంతెన మంజూరు" అనే ఉంటది. నూతన వంతెనకు శిలాఫలకం ఉంటది, కొబ్బరికాయ ఉంటది, కాంట్రాక్టు ఉంటది. పూడిన గొట్టం తీసినందుకు ఎవడూ ఫోటో దిగడు, ఎవడికీ కమీషన్ రాదు. వాళ్లకు ఇష్టమైనదే మనమూ అడుగుతున్నం. కొత్తది అడగొద్దని నేను అనడం లేదు, లేని చోట కచ్చితంగా అడగాలె. కానీ అదే కాగితం మీద రెండో లైను ఎందుకు ఉండదు?

అందుకే ఆర్టీఐ దరఖాస్తు నమూనా ఒకటి రాసిపెట్టిన. నాలుగే ప్రశ్నలు: ఈ బ్రిడ్జి ఏ శాఖది, చివరిసారి తనిఖీ ఎప్పుడు చేసిన్రు, ఆ రిపోర్టు కాపీ, మూడేళ్లలో మరమ్మతుకు ఎంత ఖర్చు పెట్టిన్రు. మండల ఆఫీసుకైతే ఫీజు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకైతే 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె. "మాది కాదు" అని నోటితో చెప్పి తప్పించుకోవడం ఇందులో కుదరదు. వేరే ఆఫీసుదైతే వాళ్లే 5 రోజుల్లో అక్కడికి పంపాలె.

మీ ఊరికి పోయే దారిలో ఉన్న బ్రిడ్జి పేరు, వాగు పేరు, మండలం రాసి కింద పెట్టండి. ఎండాకాలంలోనే కిందికి దిగి పిల్లర్ల అడుగు ఫోటో తీయండి, వాగు పారుతున్నప్పుడు మాత్రం దిగొద్దు. దసరా సెలవులకు ఊరికి పోయేవాళ్లు వరద గుర్తు పిల్లర్ మీద ఎంత ఎత్తున ఉందో కూడా తీయండి. ముందు ఏటూరునాగారం, చర్ల, దహెగాం వైపు వాళ్లవి పంపిద్దాం.