కాళి చేతిలో జెర్రిపోతు

నాగులచవితినాడు పుట్టలో పాలు పోసిన చేతులే, మరునాడు పెరట్లో పాము కనిపిస్తే కర్ర కోసం వెదుకుతాయి. భక్తికీ, భయానికీ నడుమ తెలివిడికి చోటు దొరకకపోవడమే ఇందుకు కారణం. అలా అన్యాయంగా ప్రాణాలు కోల్పోయే పాములలో జెర్రిపోతు ఒకటి. దానికి విషం లేదు. పొలాలలోని ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది. అయినా దాని పొడవునూ, వేగాన్నీ చూసి జనం త్రాచుపామని భ్రమపడతారు.

ఈ జెర్రిపోతుకు పిల్లల బొమ్మల పుస్తకంలో గౌరవస్థానం కల్పించిన రచయిత్రి జై విటేకర్. ప్రకృతి పరిశీలన ఆమెకు పుట్టింటినుంచి సంక్రమించిన విద్య. తండ్రి జఫర్ ఫతేహల్లీ పక్షుల పరిశీలనకూ, ప్రకృతి పరిరక్షణకూ జీవితాన్ని అంకితం చేసిన వ్యక్తి. సుప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ వారికి దగ్గరి బంధువు. మనదేశపు మూడు జాతుల మొసళ్లూ అంతరించిపోకుండా కాపాడేందుకు 1976లో మద్రాసు సమీపాన మొసళ్ల బ్యాంకు వెలసినప్పుడు, రోములస్ విటేకర్‌తోపాటు ఆమె కూడా దాని స్థాపనలో పాలుపంచుకున్నారు. ఆమె ఉపాధ్యాయవృత్తిలోనూ పనిచేశారు.

ఆ ప్రాంతంలోనే ఆమెకు ఇరుల గిరిజనులతో పరిచయమైంది. నేలమీది చిన్న జాడను బట్టి ఏ పాము ఎటు వెళ్లిందో చెప్పగల నేర్పు వారిది. తరతరాలుగా పాములను పట్టి, చర్మాలు అమ్ముకుని జీవించేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనూ, దరిమిలా వచ్చిన ఎగుమతి నిషేధంతోనూ ఆ బ్రతుకుతెరువు మూతపడింది. పాములకు రక్షణ లభించింది. వాటిని ఎరిగిన మనుషులు వీధిన పడ్డారు.

దీనికి పరిష్కారంగా 1978లో ఇరులవారి సహకార సంఘం ఏర్పడింది. త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు విషసర్పాలను వారు పట్టి తెచ్చి, కొద్ది వారాలపాటు ఉంచి, విషం తీసి, తిరిగి ప్రకృతిలోనే వదిలిపెడతారు. పాముకాటుకు ఇచ్చే మందు తయారయ్యేది ఆ విషంతోనే. 2000 నుంచి 2019 వరకు మనదేశంలో పాముకాటువల్ల సుమారు 12 లక్షల మంది మరణించి ఉంటారని ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇరులవారి విద్య విలువ ఎంతటిదో దీనినిబట్టి గ్రహించవచ్చు.

2000లో చెన్నైలోని తూలిక సంస్థ ప్రచురించిన ఆమె పుస్తకంలో కథానాయకుడు కాళి అనే ఇరుల బాలుడు. తండ్రి పాములు పట్టేవాడు. ఇంటివద్ద అది గర్వకారణమే. బడిలో మాత్రం తోటిపిల్లలు వాడిని వింతగా చూస్తారు. మధ్యాహ్నభోజనానికి వాడు తెచ్చుకునే వేయించిన ఉసిళ్లు కూడా వారికి వింతే. ఒకనాడు తరగతి గదిలోకి జెర్రిపోతు వచ్చిపడుతుంది. అందరూ హడలిపోతారు. కాళి నెమ్మదిగా వెళ్లి దానిని ఒడుపుగా పట్టుకుంటాడు. ఆనాటినుంచి వాడు అందరికీ కావలసినవాడవుతాడు. శ్రీవిద్యా నటరాజన్ ఈ కథకు బొమ్మలు వేశారు.

పాఠం చెప్పిన అనుభవం ఇక్కడ అక్కరకు వచ్చింది. ఏ పిల్లవాడు తన అన్నం డబ్బా మూత చాటున దాచుకుని తింటాడో, తండ్రి వృత్తి అడిగితే ఎవడు తలవంచుకుంటాడో గమనించే అవకాశం ఉపాధ్యాయులకే ఎక్కువ. పాములను చంపరాదని తరగతిలో బోధిస్తే పిల్లలు వింటారు, మరచిపోతారు. తాము చిన్నచూపు చూసిన స్నేహితుడే పామును నిర్భయంగా చేతబట్టి నిలిచిన దృశ్యం వారి మనసులలో నాటుకుంటుంది. వాడిపట్ల కలిగిన గౌరవమే వాడి చేతిలోని ప్రాణిపట్ల కూడా కలుగుతుంది.

పెద్దలకు ఈ పాఠం కొంత ఆలస్యంగా వంటబట్టింది. ఇరులవారిలో పాములు పట్టడంలో అందెవేసిన చేయి అయిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. బొమ్మల పుస్తకంలో కాళికి తోటిపిల్లలు అంతకు రెండు దశాబ్దాల ముందే ఆ మన్నన చేశారు.